అమ్మిన చేయి, బిగించిన చేయి

మోటారు సైకిలునకు నేలతో గల సంబంధమంతయు రెండు టైర్ల అడుగున, ఒక్కొక్కచోట అఱచేతి మేరకు మించని స్థలమున ఇమిడియుండును. బండిని నిలుపవలసినను, మలుపున ఒఱగిన బండిని పడనీయక కాపాడవలసినను, వానకు తడిసిన తారురోడ్డుపై ఇద్దఱి ప్రాణములను మోయవలసినను, ఆ కొంచెపు రబ్బరే దిక్కు. ఇట్టి వస్తువును పరిచితుడైన వర్తకుని యంగడిలో కొనవలయునా, లేక ఫోనులో బొమ్మను చూచి డబ్బు చెల్లించి యింటికి తెప్పించుకొనవలయునా యను ప్రశ్న పైకి ధరల తారతమ్యమును గూర్చినదిగానే కనబడును గాని, దానియందు ధర్మనిర్ణయమునకు చెందిన భాగము కూడ కలదని నేను తలచుచున్నాను.

విజయవాడ ఆటోనగరులో చిరకాలముగా టైర్ల వర్తకము చేయుచున్న మిత్రుడొకడు నాకు కలడు. ఆయన అక్కగారి భర్త తెనాలిలో భౌతికశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్న అధ్యాపకులు. ఇప్పటికిని స్పోకుల చక్రములు గల రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350 బండిపై దూరప్రయాణములు చేయుటయందు ఆసక్తి గలవారు. వారు అంతర్జాల విక్రేత యొద్ద కొన్న వెనుకటైరును బండికి కట్టుకొని వచ్చి, దానిని బిగించి పెట్టుమని బావమఱది నడుగగా, వారిరువుర నడుమ నడచిన ప్రసంగమును ప్రక్కనుండి వింటిని. ఇరువురును తాము చెప్పు విషయమును లెస్సగా ఎఱిగినవారే. ఇరువురును తమతమ పక్షములందు మనస్సు నిలిపి మాటలాడినవారే. కావుననే దీనిని వ్రాయబూనితిని.

వర్తకుడు: బావగారూ, ఈ టైరు కావలెనని నాతో ఒక్కమాట చెప్పియుండినచో, రెండుమూడు దినములలో తెప్పించి మీ బండికి నా చేతులతో బిగించియుందును గదా! ముఖమెఱుగనివాని కెవనికో డబ్బు చెల్లించి, వాడు పంపినదానిని నా యంగడికి మోసికొనివచ్చుట నాకు కష్టముగానే యున్నది.

అధ్యాపకుడు: చెప్పకపోలేదు, బావమఱదీ. నీవు ఊర లేని దినమున నీ యంగడికి ఫోను చేసి, 120/80-18 టైరు కలదా యని యడిగితిని. నీ పనివాడు అది లేదని చెప్పి, 110/90-18 ఉన్నది, అదియే వేసెదము, తేడా యేమియు లేదనెను. తేడా లేదను ఆ మాటయే నన్ను వేఱుదారి పట్టించినది. మొదటి యంకె టైరు వెడల్పును మిల్లీమీటర్లలో చెప్పును. రెండవది ఆ వెడల్పులో ఎత్తు నూటికెన్ని పాళ్లో చెప్పును. మూడవది రిమ్ము వ్యాసమును అంగుళములలో చెప్పును. నా టైరు వెడల్పు 120, ఎత్తు దానిలో నూటికి ఎనుబది పాళ్లు, అనగా 96 మిల్లీమీటర్లు. అతడు వేసెదనన్న టైరు వెడల్పు 110, ఎత్తు 99. వెడల్పున పది మిల్లీమీటర్లు తగ్గి, చక్రపు వ్యాసమున ఆఱు మిల్లీమీటర్లు పెరుగును. దీనిని తేడా లేదనుట యెట్లు?

వర్తకుడు: లెక్క సరియే. అయినను క్రొత్తటైరునకును, గాడులు పూర్తిగా అఱిగిన టైరునకును వ్యాసమున అంతకంటె ఎక్కువ తేడా ఉండును. ఆ ఆఱు మిల్లీమీటర్లవలన మీ బండికి ముప్పు రాదు. వెడల్పు మాట వేఱు. ఏ రిమ్మునకు ఎంత వెడల్పు టైరు తగునో తయారీదారులు నిర్ణయించి యుందురు. ఆ పరిధిలో ఉండి, భారసూచిక కూడ సరిపోయినచో వేయవచ్చును, లేనిచో వేయరాదు. బండి చేసినవారు చెప్పిన కొలతయే ఉత్తమమని నేనును ఒప్పుకొందును. నేను అంగడిలో ఉండినచో ఇదియంతయు మీకు చెప్పియుందును.

అధ్యాపకుడు: నీవు చెప్పియుందువు, నీ పనివాడు చెప్పలేదు. మన యంగళ్ల దోషమంతయు ఇక్కడనే యున్నదని నా యభిప్రాయము. తెలిసినవాడు కూర్చున్నపుడు శాస్త్రము, వాడు లేచిపోయినపుడు ఉన్న సరకును అంటగట్టుట. తెరపై అట్లు కాదు. కొలత, భారసూచిక, వేగాక్షరము, ట్యూబు కావలెనా అక్కఱలేదా, ముందుచక్రమునకా వెనుకచక్రమునకా, అన్నియు వ్రాసియుండును. దీనిమీద 62పీ యని ఉన్నది చూడుము. 62 అనగా 265 కిలోగ్రాముల భారము. పీ యనగా గంటకు 150 కిలోమీటర్ల వేగము. ఇవి నేను ఇంటిలో కూర్చుండి, ఎవరును త్వరపెట్టకుండ, నాలుగు కంపెనీల టైర్లతో పోల్చి చూచుకొని కొంటిని. అంగడి మెట్లపై నిలువబడి, "మంచిది సార్, అందఱును ఇదే తీసికొనుచున్నారు" అను మాట విని కొనుటకును, దీనికిని హస్తిమశకాంతరము కలదు.

వర్తకుడు: వ్రాసియుండుట నిజమే, వ్రాయని దొకటి కలదు. టైరు ప్రక్కగోడపై చిన్నగడిలో నాలుగంకెలు ఉండును. మొదటి రెండు వారమును, కడపటి రెండు సంవత్సరమును తెలుపును. 2323 అని ఉన్నచో 2023వ సంవత్సరమున ఇరువదిమూడవ వారములో అచ్చునుండి వెలువడిన టైరని యర్థము. మీరు చూచిన బొమ్మలో ఆ యంకెలు ఉండినవా? ఉండినను అవి బొమ్మ తీయించుకొన్న టైరువే గాని మీ యింటికి వచ్చిన టైరువి కావు. నా యంగడిలో ఉన్న టైర్లన్నింటిని దింపించి, తిప్పి చూచి, వానిలో మిక్కిలి క్రొత్తదానిని మీరు ఏఱుకొనవచ్చును. ఇప్పుడు మీ టైరుమీది అంకెలేమో చదువుడు.

అధ్యాపకులవారు కండ్లద్దములు సవరించుకొని చదివిరి. టైరు తయారై యేడాది దాటి కొన్ని వారములైనది. అది చెడినదని చెప్పదగిన వయస్సు కాదు. కాని డబ్బు చెల్లించునపుడు ఆ సంగతి వారికి తెలియదు.

అధ్యాపకుడు: ఏడాది రబ్బరునకు వార్ధక్యము కాదు. అయిదేండ్లు దాటినపిదప ఏటేట పరీక్షింపించుమనియు, పదియేండ్లు నిండినచో గాడులు మిగిలియున్నను మార్చుమనియు తయారీదారులు కొందఱు చెప్పుచున్నారు. వయస్సుకంటె అది కాలము గడపిన చోటు ముఖ్యము. గాలిలోని ఓజోను రబ్బరునకు పరమశత్రువు. రబ్బరు సాగియున్న తావున అది అణువుల గొలుసులను త్రెంచి సన్నని పగుళ్లను పుట్టించును. దానికి ఎండయు వేడియు తోడగును. విద్యుత్తు మోటారులో నిప్పురవ్వలు లేచుచోట ఓజోను క్రొత్తగా పుట్టును. ఇప్పుడు నీ యంగడి ముంగిట చూడుము. బెజవాడ మేనెల యెండలో, పడమటి ముఖముగా, కొక్కెములకు టైర్లు వ్రేలాడుచున్నవి. వాని క్రిందనే గాలికొట్టు కంప్రెసరు తిరుగుచున్నది. టైరునకు ఏమేమి చేయరాదని శాస్త్రము చెప్పునో అవి యన్నియు నీ వాకిట జరుగుచున్నవి.

వర్తకుడు: ఆ వ్రేలాడునవి అంగడి గుర్తునకై కట్టినవి, అమ్మకమునకు కావు. మంచి సరకు లోపలిగదిలో, వెలుతురు సోకనిచోట, నిలువుగా పేర్చియున్నది. అందఱు వర్తకులును అట్లే యుంచుదురని నేను చెప్పజాలను. కాని మీకు వచ్చిన టైరు ఏ రేకులకప్పు క్రింద ఎన్ని నెలలు మ్రగ్గినదో, ఏ లారీలో ఏ బరువు క్రింద నలిగినదో మీకెవరు చెప్పగలరు? నా వాకిలిని కన్నులార చూచి నన్ను మందలింపగలిగితిరి. కనబడని గోదామును ఎవరు మందలింతురు? మఱియొకటి. దీనిని చుట్టి కట్టిన ప్లాస్టిక్ పట్టీలను ఎంత బిగించిరో చూడుడు. రెండంచులును ఒకదాని నొకటి అదుముకొనుచున్నవి. మీది ట్యూబు వేయు చక్రము కనుక బాధ లేదు. ట్యూబులెస్ టైరు ఇట్లు నలిగి వచ్చినచో, అంచులు రిమ్మును అంటక, కొట్టిన గాలి కొట్టినట్లే కారిపోవును. దానిని ఎండలో కొంతసేపుంచియో, లోపల ఒక ట్యూబు వేసి గాలినింపి రాత్రియంతయు ఉంచియో ఆ యంచులను విడదీయవలయును. ఆ శ్రమ అమ్మినవాడు పడడు, నావంటివాడు పడును. ఇంకను వినుడు. కొందఱు క్రొత్తటైరు ప్రక్కగోడపై గోధుమవన్నె మసకను చూచి, పాతసరకని త్రోసివేయుదురు. మీరు చెప్పిన ఓజోనును అడ్డుటకై రబ్బరులో కలిపిన మందే పైకి వచ్చి ఆ వన్నె దాల్చుచున్నది. అంకెలు చదువనేర్చినవాడు రంగునకు బెదరడు. ఈ మాటను అంగడిలో నిలిచి అడిగినవానికి నేను చెప్పుదును.

అధ్యాపకుడు: అడిగినవానికి చెప్పుదువు, అడుగుట యెఱుగనివాని సంగతి యేమి? అఱిగిన టైరునకు కత్తితో గాడులు మరల చెక్కి, నల్లరంగు పూసి, సెకండుహ్యాండు పేర అమ్మువారు బాటల ప్రక్కల లేరా? ఆ యంగళ్లును ఊరి యంగళ్లే గదా. ముఖము తెలిసినంతమాత్రమున నీతి తెలిసినట్లు కాదు.

వర్తకుడు: కాదు. వారిని నేను సమర్థింపను.

అధ్యాపకుడు: ఇక అమ్ముటయు బిగించుటయు ఒక్కనిపనియే కావలెనను నియమము ఎక్కడిది? చరిత్రను చూడుము. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ గాలిటైరునకు పేటెంటు పొందిననాడు, అది చక్రమునకు జిగురుతో అంటింపబడి గుడ్డతో చుట్టబడి యుండెడిది. చిల్లిపడినచో ఊడబెఱికి, అతికి, తిరిగి అంటించి ఆరనీయవలసియుండెడిది. 1890లో వెల్చ్ అనునతడు అంచులలో తీగ నుంచి, టైరు రిమ్ములో తనంత కుదురుకొను విధమును కనిపెట్టెను. మఱుసటియేడే ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు విప్పి బిగింపదగిన టైరును చేయగా, పారిస్ నుండి బ్రెస్టునకు పోయి మరలివచ్చు సైకిలుపందెమున ఆ టైర్లతో పోయిన టెరాన్ గెలిచెను. చక్రమునుండి విడివడి టైరు ఒక స్వతంత్రమైన సరకైనది అప్పుడే. చేసినచోటు వేఱు, అమ్మినచోటు వేఱు, బిగించినచోటు వేఱు కావచ్చునని లోకము 1891 నాటికే యొప్పుకొన్నది. అంతర్జాలము ఆ దారినే మఱియొక యడుగు వేసినది.

వర్తకుడు: మీ చరిత్రయే నా పక్షమున సాక్ష్యము పలుకుచున్నది. విడదీయుట సులభమైనది గాని, కలుపుట సులభమైనదా? జిగురు పోయినచోట మనుష్యుని చేయి వచ్చినది. స్పోకుల చక్రమునకు టైరు బిగించుట యననేమో చెప్పెదను, వినుడు. చక్రమును విప్పి, పాతటైరును తీసినపిదప, రిమ్ములోపల స్పోకుల తలలను కప్పియుండు రబ్బరుపట్టీ చీలినదా, ప్రక్కకు జరిగినదా యని చూడవలయును. జరిగినచో స్పోకుతల ట్యూబును పొడుచును. త్రుప్పును గీకి తుడువవలయును. క్రొత్తటైరులో పాతట్యూబును వేయరాదు. వాడినకొలది సాగిన ట్యూబు లోపల మడతపడి ఆ మడతకడనే చినుగును. ప్రక్కగోడమీది బాణపుగుర్తు చక్రము తిరుగు దిక్కునకే చూడవలయును. కొన్ని టైర్లపై తేలికవైపును చూపు చుక్క యుండును. దానిని వాల్వు దగ్గఱకు తేవలయును. అంచునకు సబ్బునీరు పూసి, ట్యూబు నొక్కుకొనకుండ లివరును నడుపవలయును. ఈ యొక్క మెళకువ చేతికి రాక, క్రొత్తట్యూబులను ఇంటికి పోకముందే చిల్లిపఱచిన పనివాండ్రను ఎందఱినో చూచితిని. గాలి నింపినపిదప, అంచువెంబడి నడచు సన్నని గీత రిమ్ముచుట్టును సమదూరమున ఉన్నదా యని చూడవలయును. ఒకతావున దిగి, ఒకతావున తేలినచో, బండి నడచునపుడు ఎగిరెగిరి పడును. పిదప గొలుసు బిగువును, చక్రపు వరుసను, ఇరుసు నట్టును, బ్రేకును సరిచూచి, మొదటి నూఱు నూటయేబది కిలోమీటర్లు మెల్లగా నడుపుడు, క్రొత్తరబ్బరు పైపొర నున్నగా ఉండును, మలుపులలో ఒఱగకుడు అని చెప్పి పంపవలయును. ఇందులో ఏది మీ పొట్లములో వచ్చినది?

ఈ మాటలను నేను బుద్ధిపూర్వకముగానే కుదింపక వ్రాసితిని. ధరను గూర్చి దినములకొలది విచారించి, నూఱు రూపాయల తగ్గింపునకై పలుచోట్ల వెదకువారు, బిగింపును గూర్చి మాత్రము ఒక్క ప్రశ్నయైనను అడుగక, కనబడిన మొదటి పంచరుషాపులో బండిని నిలుపుట నేను పలుమాఱు చూచియున్నాను. రిమ్ములో సరిగా కూర్చుండు వఱకు టైరు సగము చేసిన వస్తువే. కర్మాగారము చేయగా మిగిలిన సగమును చేయు శిల్పి ఆ సబ్బునీటి గిన్నెముందు కూర్చున్నవాడే. అతనికి మన సమాజమున రావలసిన గౌరవము రాలేదు.

అధ్యాపకుడు: ఇవేవియు పొట్లములో రాలేదని యొప్పుకొంటిని. వచ్చినది బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు సైకిలు టైర్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి దిగినది. పన్ను చేరక ముందు రెండువేల వెలగల టైరు మునుపు 2,560 రూపాయలు, ఇప్పుడు 2,360. ఆ రెండువందలు నాకు చేరినవా, నడుమ నెక్కడనైన నిలిచిపోయినవా యని నా బిల్లులో చూచుకొనగలను. బిల్లయిన ఇంత, వద్దనిన ఇంత యని బేరమాడు అంగడిలో అది తెలియు దారి యేది? ఇక చట్టము మాట. 2020 నాటి ఈ-కామర్స్ నియమములు అమ్మువాని పేరును, చిరునామాను చూపుమని శాసించి, ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపుమని గడువు పెట్టినవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము నేను నివసించుచోటనే ఫిర్యాదు వేయు హక్కును నాకిచ్చినది. 1986 నాటి చట్టములో ఆ సదుపాయము లేదు. విక్రేత ఢిల్లీలో ఉన్నను, తెనాలివాడు గుంటూరులోనే అతనిని నిలువదీయగలడు.

వర్తకుడు: నిలువదీయగలరు. నిలువదీసి యేమని చెప్పుదురు? టైరు ప్రక్కగోడపై బుడిపె లేచినదనుకొందము. బిగించునపుడు లివరు తగిలి లోపలి దారములు తెగినవని అమ్మినవాడనును. సరకే చెడ్డదని బిగించినవాడనును. మేము అమ్మువానిని కొనువానిని కలుపువారమే గాని అమ్మువారము కామని తెరను నడుపువారందురు. కంపెనీ హామీ తయారీలోపమునకే గాని బిగింపు దోషమునకు వర్తింపదు. లోపమని తేలినను, మిగిలిన గాడిలోతును కొలిచి, అఱిగినంతకు తగ్గించి లెక్కకట్టుదురు. నేనమ్మి నేనే బిగించిన టైరున బుడిపె లేచినచో, తప్పు దారముదా లివరుదా యను వివాదము మీకు అక్కఱలేదు. రెండును నావే. మీరు వచ్చి ఆ టైరును నా బల్లపై పడవేసి పోవుదురు. కంపెనీ పరిశీలకునితో పోరాడుట నా పని. చట్టము మీకు వాదించు హక్కు నిచ్చినది. నేను మీకు వాదింపనక్కఱలేని స్థితి నిత్తును.

అధ్యాపకుడు: ఇది గట్టిమాట. నీవంటివాడు అందుబాటులో నున్నవానికి దీనికి సమాధానము లేదు. కాని పాడేరులోనో చింతూరులోనో ఉద్యోగము చేయుచున్న యొక ఉపాధ్యాయుని తలచుకొనుము. అక్కడి యంగడిలో మిక్కుటముగా అమ్ముడుపోవు స్ప్లెండరువంటి బండ్ల కొలతలే గాని అతని బండి కొలత దొరకదు. గాడుల నడుమ 0.8 మిల్లీమీటర్ల యెత్తున ఉండు అఱుగుసూచిక నేలను తాకుచున్నది. ఎదుట వానకాలము, ఘాటుదారి. విశాఖపట్టణమునకో రాజమహేంద్రవరమునకో ఒకదినము సెలవుపెట్టి పోవునంతవఱకు అతడు ఆ టైరుపైననే తిరుగవలయునా?

వర్తకుడు: వలదు. అతడు తెప్పించుకొనవలసినదే, కాదనుటకు నాకు నోరు రాదు. పొట్లము విప్పినవెంటనే వారపు అంకెను, ఐఎస్ఐ గుర్తును చూచుకొని, అనుమానమున్నచో బిగింపకముందే త్రిప్పి పంపవలయునని మాత్రము అతనికి చెప్పుదును. ఒక్కసారి రిమ్ము ఎక్కిన టైరును ఎవడును వెనుకకు తీసికొనడు. నా బాధ అతనివంటివారిని గూర్చి కాదు. ఈ యూరివారే నా యంగడికి వచ్చి, టైరును తాకి, నొక్కి, ఏది మంచిదని అరగంట నాచేత చెప్పించుకొని, నా యెదుటనే ఫోను తీసి, నేను మంచిదన్నదానినే అక్కడ కొని పోవుదురు. ఆ యరగంటకు వెల యెవరిత్తురు? నా యొద్ద పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రు ఇద్దఱున్నారు. టైరుపై మిగులు కొంచెములోనే వారి జీతములు, ఈ గది యద్దె. అంతియే కాదు. పాలు పోయు వారును, ఇంటింటికి పొట్లములు చేరవేయు కుఱ్ఱవాండ్రును దినమంతయు తిరిగి, టైరులోని దారములు పైకి తేలినపిదప, చేతిలో పైకము లేక నా యొద్దకు వత్తురు. ఇప్పుడు టైరు బిగించి పంపి, వారమునకింత చొప్పున వసూలు చేసికొందును. అంతర్జాలములో మీరు కొన్న సరకును మీ గుమ్మమునకు తెచ్చువాడు, తన బండి టైరునకు నా దగ్గఱ అప్పు పెట్టుచున్నాడు.

ఈ కడపటి మాట విని అధ్యాపకులవారు కొంతతడవు ఊరకుండిరి.

అధ్యాపకుడు: నీ యరగంటకు వెల ఉండవలయునని నేనును అందును. అయితే దానిని నీవే దాచుచున్నావు. సలహా ఉచితము, బిగింపు ఉచితము అని బోర్డుపై వ్రాసి, ఆ రెంటి వెలను టైరుధరలో మఱుగుపఱచి రాబట్టుకొనుచున్నావు. చూచువానికి నీ టైరు ప్రియముగను, తెరమీదిది చవుకగను కనబడుటలో వింత యేమున్నది? టైరు ఇంత, ట్యూబు ఇంత, పరిశీలించి బిగించుటకు ఇంత యని విడివిడిగా వ్రాయించుము. అప్పుడు ఎవడెక్కడ టైరు కొన్నను నీ విద్యకు నీ ప్రతిఫలము దక్కును.

వర్తకుడు: ప్రక్కయంగడివాడు ఉచితమని వ్రాసినంతకాలము నేను వెల వ్రాసినచో జనులు అటు మరలుదురు. బయట కొన్నదానిని అసలు ముట్టమని త్రోసిపుచ్చు వర్తకులును కలరు. ఒక్కొక్కప్పుడు నాకును ఆ బుద్ధి పుట్టును.

ఇక్కడ నా యభిప్రాయమును మఱుగుపఱచుట న్యాయము కాదు. వారపు అంకెను చూపి, బిల్లిచ్చి, తన చేతులతో బిగించు వర్తకుడు అందుబాటులో ఉన్నవాడు కొన్ని రూపాయలు ఎక్కువైనను ఆయన యొద్దనే కొనవలయునని నేను నిశ్చయముగా చెప్పుచున్నాను. ఏలయన టైరువంటి వస్తువున అమ్మిన చేయియు బిగించిన చేయియు ఒక్కటే యైనచో, జవాబుదారి తప్పించుకొనుటకు సందు మిగులదు. కాని ఆ గౌరవము అంగడికి ఊరిలో ఉన్నంతమాత్రమున రాదు. అంకెలను చదువనీయనివాడు, బిల్లునకు వేఱుధర చెప్పువాడు, ఉన్న కొలతనే తగిన కొలత యనువాడు ఊరిపేరు చెప్పి దానిని కోరుటకు అర్హుడు కాడు. బయట కొన్న టైరును ముట్టనని పంపివేయుట మాత్రము నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు. ఆ మనుష్యుడు అఱిగిన టైరుతోనే తిరిగిపోవును, లేదా పని తెలియనివాని చేతిలో పడును; రెండువిధములను కీడు కలుగునది బాటమీద పోవు మనుష్యునికే గాని విక్రయించిన కంపెనీకి కాదు. విద్య తెలిసినవాడు కోపమువలన ఆ విద్యను బిగబట్టుట తగదు. ఈ మాటను నేను వారిరువుర యెదుటనే పలికితిని.

అధ్యాపకుడు: అయితే ఈ టైరును బిగించెదవా, వేఱుచోటికి పొమ్మందువా?

వర్తకుడు: బిగించెదను. కాని మొదట దీనిని విప్పదీసి, అంచుల తీగ ఎక్కడనైన వంగినదా యని వెలుతురులో చూచెదను. చూచినది బిల్లుపై వ్రాసెదను: టైరు తయారైన వారము ఇది, అంచులు ఇట్లున్నవి, రబ్బరునకు పూచీ నాది కాదు, బిగింపునకు పూచీ నాది. తీగ వంగినదని తేలినచో మీరెంత చెప్పినను బిగింపను, త్రిప్పి పంపుకొనవలసినదే. క్రొత్తట్యూబును, రిమ్ముపట్టీని నా యొద్ద తీసికొనవలయును. బంధుత్వము చూచి కూలి మానను.

అధ్యాపకుడు: మానినచో నేనే యొప్పుకొనను. ముందుటైరు, 100/90-19, వచ్చునేడు మార్పవలసియుండును. దానిని నీ యొద్దనే కొందును. అయితే అది నీకు చేరినవెంటనే, డబ్బు పుచ్చుకొనకముందు, ఆ నాలుగంకెల ఫోటో తీసి నాకు పంపవలయును. ఆఱునెలలు దాటినదైనచో నేను వద్దందును, నీవు నొచ్చుకొనరాదు.

వర్తకుడు: ఫోటో పంపెదను. ఆఱునెలల మాట మాత్రము ఇయ్యలేను, బావగారూ. అది జోరుగా అమ్ముడుపోవు కొలత కాదు. ఒక్కొక్కప్పుడు కంపెనీ డిపోలోనే అంతకంటె పాతదిగా ఉండును. ఏడాది యనుడు, నిలుపుకొందును.

అధ్యాపకులవారు కొంచె మాలోచించి, ఏడాదికి ఒప్పుకొనిరి.